ఆరువందల పన్నెండో రోజు

కందిపప్పు డబ్బాలో ముసలయ్యకు షుగర్ మాత్రలు దొరికాయి. ఒకటీ అరా కాదు, నాలుగు స్ట్రిప్పులు. ఒక్క మాత్రా తియ్యని కొత్త స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు వేసి మరీ పప్పు అడుగున దాచినవి. నలభై ఏళ్ల కాపురంలో ఆ డబ్బా మూత తీసిన మనిషి కాదాయన. పెళ్లాం కాలు నొప్పి అంటోంది కదా, పోనీలే పాపం అని ఆ ఉదయం కుక్కరు తనే పెట్టబోయాడు. చేయక చేయక ఒక మంచిపని చేస్తే దక్కిన ఫలితం ఇదీ.

సింహాచలమ్మ వెనక వసారాలో బట్టలు ఆరేస్తోంది. ముసలయ్య స్ట్రిప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటే ఇవి?"

"మాత్రలు."

"మాత్రలని నాకూ తెలుసు. పప్పులో ఏటి సేత్తన్నాయి?"

"కూకున్నాయి," అంది సింహాచలమ్మ, చీర దులుపుతూ. తప్పు చేసి దొరికిపోయిన మనిషి గొంతు కాదది. బస్సు ఎన్నింటికి అని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"ఎన్నాళ్లయినాది మింగడం మానేసి?"

"ఇరవై రోజులు. షుగర్ క్లాసు నాగేంద్రబాబు పొడి తాగుతన్నాను గదా. రెండూ కలిపితే పని సెయ్యదట. ఆ క్లాసు బోర్డు మీద రాసుంది, నువ్వు సూళ్లేదు. నూటికి తొంభై నాలుగు మందికి తగ్గినాది. తొంభై నాలుగు!"

ఆమెకు షుగర్ పదకొండేళ్లుగా ఉంది. కుడి అరికాలికి ఎండలో నడిచి బొబ్బ ఒకటి లేచి పన్నెండు రోజులయింది. అది మానడం లేదు. మందేస్తున్నా మానదేమిటా అని ఆయన ఇన్నాళ్లూ చెప్పులను తిట్టుకుంటున్నాడు.

ఆ సాయంత్రం కూతురు తనూజ సాక్చి బజారులో కళ్లద్దాల షాపు నుంచి రాగానే తల్లి వేలికి సూది గుచ్చి మెషీన్లో పెట్టింది. మూడువందల ముప్పై ఆరు. తనూజ తెలుగులో మొదలుపెట్టినా కోపం వస్తే హిందీలోకి దూకేస్తుంది. "మమ్మీ, పాగల్ హో గయీ హో క్యా? పైర్ కాట్‌నా పడేగా!" అని, పిచ్చి పట్టిందా, కాలు తీసెయ్యాల్సొస్తుందని అరిచింది.

"మొదట పెరుగుతాదట. లోపలున్న ఇసం బయటికొచ్చీటప్పుడు అలాగే పెరుగుతాదట. తొంభై రోజులు ఓపిక పట్టాలి," అంది తల్లి. పెరిగితే మందు పనిచేస్తున్నట్టు, తగ్గితే మందు గొప్పతనం! అలాంటి మందుతో ఎవరు మాత్రం వాదించి గెలుస్తారు?

ఆ ఇంట్లో అంకెలకున్న మర్యాద ఎలాంటిదో చెప్పకపోతే సింహాచలమ్మ మొండితనం అర్థం కాదు. ముసలయ్య ఈ హిందీ ఊరికి వలసొచ్చి, ఉక్కు కార్ఖానా లోపల ఒక కంట్రాక్టు కంపెనీలో ముప్పై ఏళ్లు చేశాడు. అందులో చివరి పన్నెండేళ్లు సేఫ్టీ ఆఫీసులో. అక్కడ గేటు పక్కన ఒక ఆకుపచ్చ బోర్డు ఉండేది. ప్రమాదం లేకుండా గడిచిన పనిరోజులు అని పైన రాసి, కింద కొక్కేలకు అంకెల రేకులు తగిలించేవారు. పొద్దున్నే ఆరింటికి ఆ రేకులు మార్చడం ముసలయ్య పని. ఎవరికైనా దెబ్బ తగిలి మర్నాడు డ్యూటీకి రాలేకపోయాడంటే బోర్డు సున్నాకు దిగిపోవాలి. అదీ రూలు. ఆయన చేతి మీదుగా ఆ బోర్డు ఒకసారి వెయ్యికి చేరింది. కంపెనీ వాళ్లు లడ్డూలు పంచి, ముసలయ్యకు ఒక గోడగడియారం ఇచ్చారు. గడియారం కింద ఇత్తడి రేకు మీద 1000 అని చెక్కించారు.

ఆ గడియారాన్ని సింహాచలమ్మ రోజూ కొంగుతో తుడుస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్లు, తర్వాత గడియారం. "మా ఆయన వెయ్యి రోజులు ఒక్క మనిషికి గోరూడకుండా సూసుకున్నాడు" అని చెప్పనిదే చుట్టాన్ని లేవనివ్వదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ముసలయ్య తల గోక్కుంటూ టీ పెట్టమంటాడు. అది వినయం అనుకుంటారు అందరూ.

బోర్డు మీద అంకె ఉందంటే దాని వెనక ఒక మనిషి తెల్లారే లేచి నిజాయితీగా లెక్కపెట్టి ఉంటాడని సింహాచలమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమెకిచ్చిందీ ముసలయ్యే.

ఆదివారం ఆమెతో పాటు తనూ వెళ్లాడు. సీతారాండేరా పేటలో ఒక పాత క్లబ్బు హాల్లో జరుగుతుంది ఆ షుగర్ క్లాసు. నాగేంద్రబాబుకు నలభై ఏళ్లుంటాయి. టెక్కలి వైపు మనిషి, మన మాటే మాట్లాడతాడు, పెద్దవాళ్లు కనబడితే లేచి కుర్చీ వేస్తాడు. దొంగ మొహం వెతుక్కుంటూ వెళ్లిన ముసలయ్యకు అలాంటి మొహం దొరకలేదు. అతని వెనక తెల్లబోర్డు మీద ఎర్ర మార్కరుతో 94 అని జానెడు ఎత్తున రాసి ఉంది.

పక్క కుర్చీలో ఒక పెద్దమనిషి తొంభై రోజులు పూర్తిచేసి తగ్గినవాళ్ల జాబితాలో చేరాడట. ముసలయ్య అతని చెవి దగ్గరకు వంగాడు.

"డాక్టరు మాత్రలు పూర్తిగా ఒగ్గేసినారా?"

"ఒగ్గడమేటి బాబూ, పెళ్లాం ఊరుకుంటాదేటి? రెండూ ఏసుకుంటన్నాను. ఆయన అడగలేదు, నాను సెప్పలేదు."

ముసలయ్య ఆ మాట లోపల దాచుకున్నాడు. క్లాసు అయ్యాక రిజిస్టరు చూస్తానని అడిగాడు. నాగేంద్రబాబు ఏమాత్రం తడుముకోకుండా అందించాడు. పన్నెండేళ్లు రిజిస్టర్లతో బతికిన కళ్లు కదా, పేర్ల కంటే ముందు గీతలు కనిపించాయి. తొంభై రోజుల గడువు దాటినవి నూటఇరవై పేర్లు. వాటిలో డెబ్బై పేర్లను ఎర్రగీతతో కొట్టేశారు. గీత పక్కన 'మానేశారు' అని రాసి ఉంది. మిగిలినవి యాభై. ఆ యాభైలో నలభై ఏడింటి పక్కన టిక్కులు. కొట్టేసిన వాటిలో పక్క వీధి త్రేసమ్మ టీచరు పేరు కూడా ఉంది.

"ఈ డెబ్బై మంది ఏరి బాబూ?"

"క్రమశిక్షణ తప్పినారు బాబాయ్. తొంభై రోజులు పూర్తి సెయ్యలేదు. మానేసినోళ్లని లెక్కలో ఎలాగేత్తాం? అది మందు తప్పు కాదు గదా."

ఆ వాక్యాన్ని ఇంతకు ముందూ ముసలయ్య విన్నాడు. మాటలు వేరు, మనిషి వేరు, అంతే. అప్పుడు విని, నోరు మూసుకుని బోర్డు రేకులు మార్చాడు. నాగేంద్రబాబు కళ్లలోకి చూస్తే ఆ మనిషి తన లెక్కను తాను నిజంగానే నమ్ముతున్నాడనిపించింది. రిజిస్టరు మూసి ఇచ్చేసి, పెళ్లాం చెయ్యి పట్టుకుని బయటికి వచ్చాడు.

దారిలోనే చెప్పాడు. నూటఇరవై మంది మొదలుపెడితే తగ్గింది నలభై ఏడుగురికి. అందులోనూ ఎందరు మాత్రలు మింగుతూ తగ్గించుకున్నారో ఎవరూ అడగలేదు. నూటికి నలభై కూడా కాదే, అన్నాడు. సింహాచలమ్మ కుంటుతూ నడుస్తోంది, సమాధానం మాత్రం కుంటలేదు.

"మానేసినోళ్లు మానేసినట్టే. ఆళ్ల కర్మకి ఈయనేటి సేత్తాడు?"

"త్రేసమ్మగారు మానేసినారేటి? పద, అడుగుదాం."

త్రేసమ్మ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పిన మనిషి, మాట్లాడటానికి ఆయాసపడుతోంది. "మానడమేంటి సింహాచలం, ఎనభై నాలుగు రోజులు ఒక్క పూట తప్పకుండా తాగాను. ఎనభై ఐదో రోజు బాత్రూములో పడిపోయాను. నాలుగువందల ఎనభై ఉందంట షుగరు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాను. ఆ ఆదివారం క్లాసుకు ఎలా వెళ్తాను?" అంది.

ఇంకేముంది, తేలిపోయింది అనుకున్నాడు ముసలయ్య. గుమ్మం దిగారో లేదో సింహాచలమ్మ నిట్టూర్చింది.

"పాపం. నూటికి ఆరుగురికి తగ్గదు గదా. ఆ ఆరుగురిలో ఈవిడొకర్తె."

ముసలయ్యకు నెత్తి బాదుకోవాలనిపించింది. పడిపోయిన మనిషిని కళ్లారా చూసి కూడా ఆమె ఆ తొంభై నాలుగులోనే సర్దేసింది. ఆ మనిషి అసలు ఆ నూటిలోనే లేదే పిచ్చిదానా అని ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

ఇంటికి వచ్చాక ఆమె పొడి డబ్బా తీసి గ్లాసులో కలుపుకుంటోంది. ముసలయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఆమె కాలి కట్టు గుడ్డ మీద చెమ్మ పసుపుపచ్చగా కనబడుతోంది.

"నా మాట ఇను. ఆ అంకె ఒట్టిది."

"ఎలా ఒట్టిదవుద్దయ్యా? బోర్డు మీద రాసి, అందరి ఎదరా ఎట్టినారు. నీ బోర్డు మీద వెయ్యి అనుంటే ఒట్టిదని ఎవరైనా అన్నారేటి?"

ఆయనకు తెలుసు, ఎప్పటికైనా ఈ మాట వస్తుందని. తొమ్మిదేళ్లుగా వస్తుందేమోనని భయపడుతూనే ఉన్నాడు. ఒక్క టీ అడిగేసి తప్పించుకోవచ్చు, అలవాటే. చెబితే ఈ ఇంట్లో తన ముఖం ఏమవుతుందో ఆయన ఊహించుకోగలడు. చెప్పకపోతే ఆ కాలు ఏమవుతుందో కూడా ఊహించుకోగలడు.

"అదీ ఒట్టిదే," అన్నాడు.

గ్లాసులో చెంచా ఆగింది.

"సూరి వేళ్లు షట్టరు కింద పడి పోలేదు."

సూరి అంటే సూర్యప్రకాష్, సింహాచలమ్మ ఒక్కగానొక్క తమ్ముడు. ముసలయ్య కంపెనీలోనే గ్యాస్ కటింగ్ చేసేవాడు. కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరం వేలూ లేవు. తనుండే మాంగో పేటలో ఒక దుకాణం షట్టరు మీద పడి చితికిపోయాయని చెప్పాడు. ఆ రోజు నుంచి సింహాచలమ్మ తమ్ముణ్ణి దొరికినప్పుడల్లా అజాగ్రత్త వెధవా అని తిడుతూనే ఉంది.

"ప్లేటు ఎత్తుతుంటే గొలుసు జారిపోనాది. నా కళ్ల ముందే. బోర్డు మీద అప్పుడు ఆరువందల పదకొండు. మర్నాడు ఆడు రాకపోతే సున్నా అయిపోద్ది. మేనేజరు నన్నే పంపినాడు. నీ బావమరిదే గదా, నువ్వు సెప్తే ఇంటాడని. నానే జీపేసుకుని మాంగో ఎల్లినాను. కట్టు కట్టిన సెయ్యితో ఆణ్ణి తెచ్చి మా ఆఫీసులో కుర్చీలో కూకోబెట్టినాను. హాజరు పడింది. డ్యూటీకొచ్చినోణ్ణి దెబ్బతిన్నోడని ఎలా రాత్తాం అన్నాడు మేనేజరు. ముప్పై ఎనిమిది రోజులు ఆడలాగే కూకున్నాడు. నాను రోజూ రేకులు మార్చినాను."

సింహాచలమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆ జీపు ఆమెకు గుర్తుంది. దెబ్బ బయట తగిలినా కంపెనీ బండి పంపుతోంది, అంతా మా ఆయన మాట సాయం అని వీధంతా చెప్పుకుంది. అదీ ఆమెకు గుర్తుంది.

"రికార్డులో దెబ్బే లేదు గదా," అన్నాడు ముసలయ్య. "ఆడు గేసు కటింగ్ టార్చి పట్టలేకపోయినాక తేలికపని అడిగితే, నీకేటైనాదని అన్నారు. అందుకే ఆ అపార్టుమెంటు కాడ వాచ్‌మేన్‌గా ఉన్నాడు."

బయట ఎవరో స్కూటరు స్టార్టు చేసుకుని వెళ్లిపోయారు.

"ఎన్నోరోజు?" అంది ఆమె.

"ఏటి?"

"ఆ వెయ్యిలో నా తమ్ముడి రోజు ఎన్నోది?"

"ఆరువందల పన్నెండు."

"గుర్తుందన్నమాట," అంది సింహాచలమ్మ. ఆ మాట ఆయనకు తిట్టు కంటే గట్టిగా తగిలింది.

"నాకెందుకు సెప్పనేదు? నువ్వంటే సరే. ఆడెందుకు సెప్పనేదు?"

"ఆ గడియారం తెచ్చిన రోజున సెప్పేత్తానన్నాను ఆడితో. వొద్దు బావా, అప్ప దాన్ని సూసుకుని మురిసిపోతంది, ఒగ్గేయ్ అన్నాడు."

అప్పుడు ఏడ్చింది సింహాచలమ్మ. పదకొండేళ్ల షుగరుకు ఏడవలేదు, కాలి బొబ్బకు ఏడవలేదు. తమ్ముడు ఈ ఇంట్లో అదే గడియారం కింద కూర్చుని, మూడువేళ్ల చేత్తో అన్నం కలుపుకుంటూ, గోరూడలేదన్న మాటకు ఎన్నిసార్లు నవ్వి ఊరుకున్నాడో తల్చుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముసలయ్య భుజం మీద చెయ్యి వెయ్యబోతే తోసేసింది.

పొద్దుగూకే వేళకు ఆమె లేచి మొహం కడుక్కుంది. పొడి కలిపిన గ్లాసును సింకులో వంపేసింది. పప్పు డబ్బా పక్కనున్న స్ట్రిప్పు చింపి, ఒక మాత్ర మింగి, నీళ్లు తాగింది. భర్త మొహం చూడకుండానే తనూజతో, రేపు సెలవు పెట్టు, డాక్టరు కాడికి ఎల్దాం అంది.

డాక్టరు కాలు చూసి, ఇంకో పది రోజులు ఆగుంటే కథ వేరేలా ఉండేదని తనూజతో చెప్పాడు. పుండు శుభ్రం చేశారు, మాత్రలకు తోడు కొన్నాళ్లు సూది మందు రాశారు. శనివారానికి షుగరు రెండొందల పదికి దిగింది. ఆ వారమంతా సింహాచలమ్మ మొగుడితో అన్నం తిను, గేసు ఆపు, ఇలాంటి మాటలే తప్ప మాట్లాడలేదు. గడియారాన్ని ఎవరూ తుడవలేదు.

ఆదివారం ఉదయం ఆమె చీర మార్చుకుని కట్టు కాలికి వదులు చెప్పు తొడుక్కుంది.

"ఎక్కడికే?"

"క్లాసుకి."

ఆమె మళ్లీ పొడి మొదలుపెడుతుందనుకున్నాడు ముసలయ్య. కానీ ఆపే మొహం తనకు లేదనుకుని వెనకే నడిచాడు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. సింహాచలమ్మ తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నాను నీ పొడి మానేసినాను. మాత్రలు ఏసుకుంటన్నాను."

నాగేంద్రబాబు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నీ ఇట్టం పిన్నీ," అని రిజిస్టరు తెరిచి ఎర్ర పెన్ను తీశాడు.

ఆమె తన చెయ్యి ఆ పేజీ మీద పెట్టింది.

"కొట్టేయకు. నా పేరు కొట్టేత్తే నాను ఏ లెక్కలోనూ ఉండను. తాగినాను, తగ్గనేదు, పెరిగినాది, కాలు పుండైనాది. తగ్గనోళ్లలో రాయి."

"అలా రాయకూడదు పిన్నీ. తొంభై రోజులు పూర్తవ్వాలి గదా."

"కాలు పోనాక రాత్తావేటి?"

ఆమె గొంతు పెంచలేదు. బల్ల ముందు కుర్చీ లాక్కుని కట్టు కాలు చాపి కూర్చుంది. "రాసీదాకా నాను లెగను. మా ఇంట్లో ఒక మనిషిని అలాగే లెక్కలోంచి తీసేసినారు. తొమ్మిదేళ్లు నాను ఆ లెక్క సూసి మురిసిపోనాను," అంది. ముసలయ్య అందరి మధ్యా తల వంచుకుని నిలబడ్డాడు.

నాగేంద్రబాబు అటూ ఇటూ చూశాడు. వెనక వరసలో ఎవరో, రాయవయ్యా అన్నారు. ఇంకెవరో, మా అత్త పేరు కూడా కొట్టేసినారు, ఆవిడ మానలేదు అన్నారు. నాగేంద్రబాబు ఎర్ర పెన్నుకు మూతపెట్టి నీలం పెన్ను తీసి రాశాడు. త్రేసమ్మ పేరు కూడా సింహాచలమ్మే వేలు పెట్టి చూపించి రాయించింది. బోర్డు మీద 94 చెరిపి, ఫోనులో లెక్క వేసుకుని, 90 అని రాశాడు. ఆ రాత ఈసారి అంత పెద్దది కాదు. అక్కడ ఇంకా అరవై తొమ్మిది ఎర్రగీతలున్నాయి. కానీ ఆ పూట ఇద్దరు ముగ్గురు తమ ఇంటివాళ్ల పేర్లు వెతుక్కోవడానికి బల్ల చుట్టూ మూగారు.

మధ్యాహ్నానికి సూర్యప్రకాష్‌ను భోజనానికి రమ్మంది అక్క. మాంగో నుంచి ఆటోలో దిగి, ఏటి అప్పా కాలు అంటూ లోపలికి వచ్చేసరికి, బావ గడియారం కింద స్టూలు వేసుకుని ఎక్కబోతున్నాడు. అరవై ఆరేళ్ల కాళ్లు, స్టూలు ఊగుతోంది.

"ఏటి బావా, దించుతున్నావేటి? బాగానే నడుస్తంది గదా."

"నడుత్తాది," అంది సింహాచలమ్మ వంటింటి గుమ్మంలోంచి. "రోజు తప్పు సూపిత్తంది. ఆరువందల పన్నెండో రోజు నుంచీ."

సూర్యప్రకాష్ అక్క వంక చూశాడు, బావ వంక చూశాడు. తొమ్మిదేళ్లుగా అడగాలనుకున్న క్షమాపణ ముసలయ్య కళ్లలోంచి కారింది. స్టూలు మళ్లీ ఊగింది. సూర్యప్రకాష్ ముందుకు వచ్చి మూడువేళ్ల చేత్తో స్టూలును గట్టిగా పట్టుకుని, "దించు బావా, నాను అట్టుకున్నాను" అన్నాడు.